పదునాలుగేండ్లు దాటిన పిల్ల ఎవరి పిల్ల?

ఉగాది వచ్చినదనిన మన సంఘములకు ఊపిరి సలుపదు. వేదికపై తెలుగుతల్లి పటమునకు పూలమాల పడును. పంచాంగ శ్రవణమగును. మన పెద్దలు ఏ కాలమున, ఏ కారణమున ఈ గడ్డకు వచ్చి స్థిరపడినదియు వక్తలు గుక్క తిప్పుకొనక వర్ణింతురు. పిల్లలకు తెలుగు రాకుండ పోవుచున్నదని కడపట అందరును నిట్టూర్తురు. ఆ సభలో వెనుక వరుసలవారికి మంచినీళ్ళందించుచున్న పదునైదేండ్ల పిల్ల బడి మాని ఎన్నాళ్ళైనదో అడిగిన పెద్దమనిషి మాత్రము నా కింతవరకు కానరాలేదు.

ఈ వ్యాసము ఆ పిల్లను గూర్చినది. మాట కటువుగా నుండిన పాఠకులు క్షమింతురు గాక. తెలుగువారి హక్కులని మనము చేయు ఘోషలో తెలుగింటి పేదపిల్ల లేదు. ఆమెను ప్రభుత్వము పదునాలుగవ యేట విడిచిపెట్టినది. మనము అంతకు ముందే విడిచిపెట్టితిమి. ఇది నా అభియోగము. దీనిని నిరూపించెదను.

మొదట చట్టములను చూతము. రాజ్యాంగమునకు 1956లో జరిగిన ఏడవ సవరణ వలన 350-ఎ అధికరణము వచ్చినది. భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధించు వసతి కల్పింపవలెనని అది చెప్పుచున్నది. మన మహజరులలో ఈ అధికరణము సంఖ్య లేనిది ఒక్కటియు లేదు. కాని అందులోని రెండు మాటలు మనము చదువము: “ప్రాథమిక దశలో.” అనగా పదిపదునొకండు సంవత్సరములు వచ్చుసరికి ఆ రక్షణ తీరిపోవును. తరువాత 2002లో 86వ సవరణ చేత 21-ఎ అధికరణము చేరినది. దానికనుగుణముగా 2009లో విద్యాహక్కు చట్టమై 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య. మంచిదే. పదునాలుగు నిండిన మరునాడు? చట్టము మౌనము వహించినది.

ఇక బాలకార్మిక చట్టము. 2016 సవరణ తరువాత పదునాలుగేండ్ల లోపు బిడ్డను పనిలో పెట్టుట, కొద్ది మినహాయింపులు తప్ప, నిషిద్ధము. పదునాలుగు నుండి పదునెనిమిది వరకు ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషిద్ధము. మిగిలిన పనులకు తలుపు తెరచియే యున్నది. బాల్య వివాహ నిషేధ చట్టము, 2006, ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి కూడదన్నది. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూడుడు. పదునాలుగు దాటిన పిల్లను బడిలో ఉంచవలసిన పూచీ ఎవరికిని లేదు. పనికి పంపుటకు అడ్డు పెద్దగా లేదు. పదునెనిమిది వరకు పెండ్లి మాత్రము కూడదు. మరి ఆ నాలుగేండ్లు ఆ పిల్ల ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు చట్టము చెప్పని సమాధానమును పేదరికము చెప్పుచున్నది. 2020 జాతీయ విద్యావిధానము మూడు నుండి పదునెనిమిదేండ్ల వరకు అందరికిని చదువందవలెనని ఆశించినది. కాని విధానము వేరు, హక్కు వేరు. ఆశను పట్టుకొని న్యాయస్థానమునకు పోజాలము.

ఇప్పుడు షోలాపురము పోవుదము. తెలంగాణ పల్లెల నుండి మగ్గము పని చేతబట్టుకొని తరతరాలుగా అక్కడికి చేరిన పద్మశాలి కుటుంబములు వేలకు వేలు. దుప్పట్లకు, తువాళ్ళకు ఆ పట్టణము పేరుమోసినదనిన అందులో తెలుగు చేతుల పని ఎంతో కలదు. మగవారు మరమగ్గముల మీద పనిచేయగా ఇండ్లలో ఆడవారు బీడీలు చుట్టుదురు. అట్టి ఇంటిలో పదవ తరగతి చదువుచున్న ఒక పిల్లను తలచుకొందము. పేరు అక్కరలేదు; ఆ వాడలలో ఆమె ప్రతి గొందిలోను ఉన్నది.

రాత్రి నానవేసిన తునికాకును తెల్లవారక మునుపే తల్లి రేకు అచ్చుకు సరిగా కత్తిరించును. కూతురు పొగాకు నించి చుట్టును, దారము కట్టును, మూతి మడచును. ఇరువదియైదు బీడీలు ఒక కట్ట. కూలి వేయి బీడీల లెక్కన. కార్ఖానాలో తనిఖీదారు బాగులేవని తీసి పారవేసిన బీడీలకు కూలి లేదు. ఇచ్చిన ఆకు చాలకున్న ఆ లోటు చుట్టినవారిదే. తల్లి ఒక్కతె చుట్టిన లెక్క కుదరదు. కావున బడికి పోకముందు ఒక గంట, బడి నుండి వచ్చిన పిదప మూడు గంటలు కూతురు చాట ముందు కూర్చుండవలసినదే. ఆ పిమ్మట వంట. ఆ పిమ్మట తమ్ముడు. ఆ పిమ్మట, కన్నులు మూతపడకున్న, లెక్కల పుస్తకము. పొగాకు ధూళికి దగ్గు వచ్చును. మరునాడు బడిలో ఆమె కునికిపాట్లు పడగా గురువుగారు “చదువు మీద ధ్యాస లేదు” అందురు.

ఆమెకు ధ్యాస లేదనుట అబద్ధము. ఆమెకొక కల గలదు. అది ఆకాశమునంటు కల కాదు. తెల్లబట్టలు కట్టి ఆసుపత్రిలో దాదిగా పనిచేయవలెను. లేదా తాను చదివిన బడిలోనే పంతులమ్మ కావలెను. నెల తిరుగగానే జీతము వచ్చు ఒక ఉద్యోగము, తల్లి నడుము నొప్పికి మందు, వాన కురియని ఇంటికప్పు: ఆమె కల ఇంతమాత్రమే. ఇంత చిన్న కలను గూడ నిలబెట్టలేని సమాజము తన ప్రాచీన వైభవమును గూర్చి ఉపన్యసించుట ఎంత విడ్డూరము!

ఆ చదువు ఎక్కడ తెగుచున్నదో గమనింపుడు. ప్రాథమిక దశలో తెలుగు బడి ఉన్న చోట్ల గూడ పైతరగతులకు పోగా బోధనాభాష మారును. ఒక్కసారిగా మరాఠీ, లేదా ఆంగ్లము. ఇంటిలో చెప్పువారు లేరు, ట్యూషనుకు పైకము లేదు. పదవ తరగతిలో ఒక్క పాఠ్యాంశము తప్పినది. “ఇక చాలు” అని తండ్రి అన్నాడు. ఈడు వచ్చిన పిల్లను ఊరికే ఉంచరాదని మేనత్త అన్నది. అంతే. ఏ గొడవయు లేదు, ఏ పత్రికలోను రాలేదు. ఒక బ్రతుకు మలుపు తిరిగిపోయినది.

విచిత్రమేమనగా ఆ పైమెట్ల మీద సహాయము లేకపోలేదు. మహారాష్ట్ర ప్రభుత్వము 2024లో ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబముల బాలికలకు వృత్తివిద్యలలో బోధనా రుసుము పూర్తిగా మాన్పినది. తమిళనాడు 2009లో షెడ్యూల్డు కులముల వాటాలో అరుంధతీయులకు 3 శాతము ప్రత్యేకించినది. ఆ రాష్ట్రపు పడమటి జిల్లాలలో వారిలో పెక్కుమంది ఇంటి భాష తెలుగే. బీడీ కార్మికుల బిడ్డలకు కేంద్ర కార్మిక శాఖ విద్యార్థి వేతనము ఇచ్చును. అన్నియు ఉన్నవి. కాని మేడకు పైమెట్లు పాలరాతితో కట్టి నడిమి మెట్లు ఊడదీసినట్లున్నది ఈ ఏర్పాటు. పది దాటని పిల్లకు ఇంజనీరింగు కళాశాలలో రుసుము మాఫీయైన నేమి, కాకున్న నేమి?

ఆ అరుంధతీయ కుటుంబములను తెలుగువారిగా మన సంఘములు ఏనాడైన లెక్కించినవా? జనాభా లెక్కల వేళ తెలుగువారి సంఖ్య పెంచుకొనుటకు వారు కావలెను. సభలో కుర్చీ వేయుటకు అక్కరలేదు. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్లు ప్రాంతముల నూలుమిల్లులలో “సుమంగళి” అను పద్ధతి అపకీర్తి గడించినది. పేదయింటి కన్నెపిల్లను మిల్లు వసతిగృహములో ఉంచి, మూడేండ్లు పనిచేయించి, గడువు నిండిన పిదప ఒక మొత్తము చేతికిచ్చుట ఆ పద్ధతి. ఆ మొత్తము కట్నమునకు! కట్నము నేరమని 1961 చట్టము. ఆ నేరమునకు కావలసిన సొమ్మును పిల్ల తన రెక్కల కష్టముతో తానే కూడబెట్టుకొనవలెను. పేరు మాత్రము సుమంగళి. ఇట్టి పద్ధతి నడచిన జిల్లాలలోనే మన సంఘములు కవిసమ్మేళనములు జరుపుకొనినవి.

భాషా హక్కుల పోరాటము వద్దని నా మాట కాదు. తమిళనాడులో 2006 చట్టము తమిళమును నిర్బంధ పాఠ్యాంశము గావించి, ఒకటవ తరగతి మొదలు ఏటేట ఒక్కొక్క తరగతికి పెంచుచు 2015-16 నాటికి పదవ తరగతికి చేర్చినది. మాతృభాషలో చదివిన పిల్లల కొరకు భాషా అల్పసంఖ్యాకులు మాటిమాటికి న్యాయస్థానముల గడప ఎక్కవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఒక్క సంవత్సరమునకు మినహాయింపు పొడిగించినది. ఆ పోరాటము న్యాయమైనది. కాని ఒక్క ప్రశ్న. పరీక్ష ఏ భాషలో వ్రాయవలెనని వాదించితిమి గదా, ఆ పరీక్షా మందిరము దాక రాలేకపోయిన మన పేదపిల్లలెందరో ఎవరైన లెక్క వ్రాసిరా? ప్రశ్నపత్రమునకు ముందు పిల్ల ఉండవలెను.

ఇక మనవారి సమాధానములు వినుడు. మొదటిది: “ఆడపిల్ల చదివి ఊళ్ళేలవలెనా?” ఈ మాట నేడు సభలలో ఎవరును అనరు, ఇండ్లలో అందురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడుడు. ఇరువది నుండి ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకయే పెండ్లియైనవారు దేశములో నూటికి 23.3. తమిళనాడులో 12.8, మహారాష్ట్రములో 21.9. మనము మాతృరాష్ట్రమని చేతులెత్తి మ్రొక్కు ఆంధ్రప్రదేశములో 29.3! ఇతరుల నడుమ ఉన్నందున మన ఆచారములు చెడుచున్నవని బెంగపడు పెద్దలు ఈ అంకెను ఒకమారు బిగ్గరగా చదువుకొనవలెను. 1929 శారదా చట్టము పెండ్లీడు పదునాలుగన్నది. 1949లో పదునైదు, 1978లో పదునెనిమిది అయినది. చట్టము నడచిన ఆ కొద్ది దూరము గూడ మన ఇండ్లు నడువలేదు.

రెండవది: “ప్రతిభ ఉన్న పిల్ల ఎట్లైనను పైకి వచ్చును.” ఇది దయ లేని మాట, పైగా అసత్యము. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కిన నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె ధైర్యము ఆమెదే. కాని ఆమెకు అన్నము పెట్టి, చదువు చెప్పి, కొండనెక్కుట నేర్పించినది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాకు నగరమున ఆసియా పోటీలలో నూరు మీటర్ల హర్డిల్సు పందెమున స్వర్ణపతకము గెలిచినది. తండ్రి కాపలాదారు, తల్లి ఇండ్లలో పనిచేసిన మనిషి. ఆమె కాళ్ళలో బలము పుట్టుకతో వచ్చినదే కావచ్చును. కాని ఆ కాళ్ళకు దారి చూపినవి హైదరాబాదు, భువనేశ్వరముల శిక్షణాలయములు. ఈ ఇద్దరి పటములు మన గోడలకు తగిలించుకొనుచున్నాము. వారి వెనుక నిలిచిన వసతిగృహమును, భోజనశాలను, శిక్షకుని మరచుచున్నాము. పటము తగిలించుటకు ఒక్క మేకు చాలును. పిల్లను నిలబెట్టుటకు ఒక సంస్థ కావలెను.

మూడవది: “ఇది ప్రభుత్వము పని, సంఘము ఏమి చేయగలదు?” దీనికి సమాధానము మన చరిత్రలోనే ఉన్నది. దుర్గాబాయమ్మకు ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. పెరిగి పెద్దదైన తరువాత ఆమె ఆ బంధమును అంగీకరింపలేదు. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల వాకిట సేవకురాలుగా నిలిచి, టిక్కెట్టు లేదని నెహ్రూను లోనికి పోనీయని పిల్ల ఆమెయే. అప్పటికి ఆమె వయస్సు పదునాలుగు! చెరసాలలకు పోయి వచ్చిన పిమ్మట, ఆగిపోయిన చదువును తిరిగి పట్టుకొని, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షను ప్రైవేటుగా వ్రాసి గెలిచినది. తాను గెలిచి ఊరకుండలేదు. చెన్నపురిలోని మైలాపూరులో తెలుగు ఆడపడుచులను చేరదీసి అదే పరీక్షకు చదివించినది. ఆ చిన్న ప్రయత్నమే 1937లో ఆంధ్ర మహిళాసభ అయినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలైనది. 1958లో ఆ మండలి, బడి మానిన స్త్రీలకు తక్కువ కాలములో పరీక్షలకు తయారుచేయు సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట ఆరంభించినది. మైలాపూరులో ఒక తెలుగు స్త్రీ చేసిన పని దేశమునకు పథకమైనది. ఆమె ప్రభుత్వమునకై ఎదురుచూచియుండిన ఏమయ్యెడిది?

నాలుగవది: “మరాఠీలోనో, తమిళములోనో, ఒడియాలోనో చదివిన పిల్ల తెలుగు మరచిపోవును.” మరచును, ఇంటిలో మనము మరచినచో. ఉన్న రాష్ట్రపు భాష గట్టిగా వచ్చిననే ఆ పిల్లకు ఉద్యోగము, మర్యాద, పొరుగువారి స్నేహము. ఆ భాషతో మనకు వైరము లేదు. బడి మాని బీడీల చాట ముందు కూర్చున్న పిల్ల తెలుగును కాపాడునని ఎవరైన తలచినచో, వారికి తెలుగు గూర్చియు తెలియదు, ఆకలి గూర్చియు తెలియదు. చదువుకొనిన తల్లియే రేపు బిడ్డకు అక్షరములు దిద్దించును. అక్షరము రాని తల్లి చేత భాషను కాపాడింపజూచుట చిల్లికుండలో నీరు పోయుట.

కావున మన సంఘములు చేయవలసిన పనులు కొన్ని విన్నవించుచున్నాను. వీనికి మంత్రుల రాక అక్కరలేదు.

మొదటిది, ఒక నోటుపుస్తకము. ప్రతి శాఖయు తన పేటలోని తెలుగిండ్లను, కులము పేరెత్తక, గడపగడపకు పోయి చూచి, పదునాలుగు నుండి పదునెనిమిదేండ్ల లోపు ఆడపిల్లల పేర్లు వ్రాయవలెను. ఏ తరగతి? మానివేసినచో ఎప్పుడు, ఏల? సంవత్సరమునకు రెండుమారులు ఆ పుస్తకమును కార్యవర్గము ముందు చదువవలెను.

రెండవది, కాగితముల సహాయము. బీడీ కార్మికుల బిడ్డల విద్యార్థి వేతనమునకు తల్లికి గుర్తింపు కార్డు ఉండవలెను. మహారాష్ట్రములో ఇతర వెనుకబడిన తరగతుల ధ్రువపత్రమునకు 1967 నాటికే ఆ కుటుంబము అక్కడ ఉన్నదను ఆధారము చూపవలెను. మూడు తరములుగా అక్కడనే మగ్గము నేసిన ఇంటిలో తాతగారి బడి దాఖలా దొరకక మనుమరాలి చదువు ఆగవచ్చును. వారమునకు రెండు సాయంకాలములు లెక్కపత్రములు తెలిసిన ఇద్దరు సభ్యులు కూర్చుండి ఈ పని చూడవలెను. పింఛను పుచ్చుకొని వరండాలో పత్రిక చదువు పెద్దలు మనలో తక్కువవారు కారు.

మూడవది, దీపము. సంఘ భవనము పండుగలకు తప్ప తలుపు తీయము. దానిని ప్రతి సాయంకాలము తెరచి, రెండు బల్లలు వేసి, అక్కడ కూర్చుండి చదువుకొమ్మని పిల్లలకు చెప్పవలెను. ఒక్క గది ఇంటిలో నలుగురి నడుమ చదువు సాగదు. వారిని ఇంటికి క్షేమముగా చేర్చు పూచీ మనది.

నాలుగవది, తప్పినవారికి మరల దారి. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ పదవ తరగతి పరీక్షకు పదునాలుగేండ్లు నిండినవారు చేరవచ్చును. తెలుగు మాధ్యమములో గూడ వ్రాయవచ్చును. చట్టము చేయి విడిచిన వయస్సుననే ఈ తలుపు తెరచుకొనుచున్నది. మైలాపూరులో దుర్గాబాయమ్మ చేసినది ఈ పనియే గదా! ఒక ఉపాధ్యాయుడు, పదిమంది పిల్లలు, ఒక సంవత్సరము: ఇంతకు మించి పెట్టుబడి ఏమున్నది?

ఐదవది, కట్టుబాటు. పదునెనిమిదేండ్లు నిండని పిల్ల పెండ్లికి సంఘ సభ్యుడెవడును పోరాదు, అక్షింతలు వేయరాదు. ముందుగా తెలిసినచో తలిదండ్రులకు నచ్చజెప్పవలెను. వినకున్న 1098 సంఖ్యకు తెలియజేయవలెను. బంధుత్వము చెడునని వెరచువారు పిల్ల బ్రతుకు చెడుటకు వెరవరా?

ధనము మాట. ఉగాది ఖర్చులో సగము ఈ పనికి మరల్చుడు. శాలువలు తగ్గించుడు. ఒక శాలువ వెలతో ఒక పిల్లకు పుస్తకములు వచ్చును. ఇంట ఈగల మోత, వీథిలో పల్లకి మోత అను సామెత మన వార్షికోత్సవములను చూచియే పుట్టినదా అని నాకు సందేహము కలుగుచున్నది.

ఈ వ్రాత చదివి కొందరు కోపింతురు, కోపింపనిండు. కోపమునకు ముందు తమ వీథి చివరి ఇంటికి పోయి, అక్కడి పిల్ల ఏ తరగతి చదువుచున్నదో కనుగొని రండు. చదువుచున్నదన్నచో నా మాట తప్పని వ్రాయుడు, సంతోషముతో అచ్చువేయుదము. మానివేసినదన్నచో వచ్చు ఉగాదికి ఆమె చేతికి మంచినీళ్ళ చెంబు ఇయ్యకుడు. పుస్తకమిండు.